పాత సర్వరు, పాత కంప్యూటర్లు: మాట తెగిన తావును వెదకుట



కంప్యూటరు గదిలో మేము మీకు చెప్పు పాఠములన్నియు క్రొత్త యంత్రములను గూర్చినవే. పాత యంత్రములను గూర్చి ఎవరును పాఠము చెప్పరు. అయినను మన కోనసీమలోని పాఠశాలల ఆఫీసు గదులలోను, సహకార సంఘములలోను, బియ్యపు మిల్లుల లెక్కల గదులలోను చూడుడు. గోడవైపు తిరిగి, దుమ్ము పట్టి, అయినను ప్రతిదినము పని చేయుచున్న యొక పాత కంప్యూటరు ఎక్కడనో యొకచోట కనబడును. దానిలో ఎవరికో అక్కరయైన లెక్క యొకటి నిలిచి యుండును. అట్టి యంత్రము తన సర్వరుతో మాటాడుట మానివేసినప్పుడు ఏమి చేయవలెనో ఈ వ్యాసమున చెప్పదలచితిని. పుస్తకములు చూచి వ్రాయుట లేదు. 2024 జూన్ మాసములో మురమళ్ళకు కొంత దూరమున నున్న ఒక పాఠశాలలో మూడు దినములు నేను పడిన పాట్లే నాకు ఆధారము.

ఆ పాఠశాల పేరు చెప్పను. వారి సర్వరు 2009వ సంవత్సరమున కొన్నది. అందులో లినక్సును, దానిమీద సాంబా యను ప్రోగ్రామును నడచుచుండెను. ఆఫీసు గదిలో విండోస్ ఎక్స్‌పి గల కంప్యూటర్లు రెండు, విండోస్ 98 గలది ఒకటి యుండెను. ఈ మూడును సర్వరులోని ఒకే షేరును, అనగా అందరికిని తెరచియుంచిన యొక ఫోల్డరును, తమ స్వంత డిస్కువలెనే వాడుకొనుచుండెను. ఆ ఫోల్డరులో ఫాక్స్‌ప్రో ప్రోగ్రామున వ్రాసిన అడ్మిషన్ రిజిస్టరు కలదు. వేసవి సెలవులలో సర్వరు డిస్కు టకటకమని చప్పుడు చేయగా, పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు ఒకరు క్రొత్త డిస్కు వేసి, క్రొత్త లినక్సును ఎక్కించి, పాత ఫైళ్లన్నియు దానిలోనికి చేర్చి వెడలిపోయెను. పాఠశాల తెరచిన దినమున మూడు కంప్యూటర్లలో ఒక్కటియు రిజిస్టరును తెరువలేకపోయెను.

ఆ రిజిస్టరు సంగతి కొంచెము చెప్పక తప్పదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మన తీరమును దాటిన తుపాను మీ తల్లిదండ్రులకు జ్ఞాపకముండును. కొబ్బరితోటలు నేలకొరిగినవి, వేయికి పైగా ప్రాణములు పోయినవి. నేనప్పుడు హైస్కూలులో చదువుచుంటిని. ఆ రాత్రి ఈ పాఠశాల ఆఫీసు కప్పు లేచిపోయి, బీరువాలోని అడ్మిషన్ రిజిస్టర్లు నీట నానినవి. తరువాత కొన్ని సంవత్సరములకు అప్పటి గుమాస్తాగారు, సిరా అలుక్కుపోయిన ఆ కాగితములను ఎండకు పట్టి, భూతద్దము పెట్టి చదివి, ఒక్కొక్క పేరే కంప్యూటరులో ఎక్కించిరి. కాగితములు ఇప్పుడు ముట్టుకొన్న పొడియగుచున్నవి. 1996కు ముందు చదివినవారి జనన తేదీకి చదువదగిన ఆధారము ఇక ఆ ఫాక్స్‌ప్రో ఫైలు ఒక్కటే.

నేను వెళ్లిన దినముననే యాభై యేండ్లు దాటిన పూర్వ విద్యార్థి యొకరు ఆఫీసు బెంచీమీద కూర్చుండి యుండిరి. ఆయన ఉద్యోగపు సర్వీసు రిజిస్టరులో జనన సంవత్సరము తప్పుగా పడినదట. "మేష్టారండీ, గురువారం లోపల కాగితం పట్టుకెళ్లకపోతే ఇంక ఆ తప్పు దిద్దరండి. రెండేళ్లు ముందే ఇంటికి పంపేస్తారండి" అని ఆయన నాతో ననిరి. ఆనాడు సోమవారము.

ఇక పాఠములోనికి వత్తము. ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరులోని ఫైలును తెరచుటకు ఉభయులకును తెలిసిన యొక భాష యుండవలెను. విండోస్ కంప్యూటర్లు వాడు భాషకు ఎస్.ఎమ్.బి. యని పేరు. 1983 ప్రాంతమున ఐ.బి.ఎమ్. కంపెనీలో బారీ ఫైగెన్‌బామ్ అను నాతడు దీనికి పునాది వేసెను. తరువాత మైక్రోసాఫ్టువారు పెంచిరి. ఆస్ట్రేలియా దేశమున కాన్‌బెర్రా నగరములో విద్యార్థిగా నున్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగమీద పోవు సంకేతములను కనిపెట్టి చూచి, అదే భాషను పలుకు నొక ప్రోగ్రామును 1991 చివరను ప్రారంభించి 1992లో లోకమునకు ఉచితముగా నిచ్చెను. అదియే నేటి సాంబా. ఎస్, ఎమ్, బి యను మూడక్షరములు వరుసగా వచ్చు మాటకొరకు నిఘంటువును వెదకగా సాంబా యను మాట దొరకినదట. మనవారికి శివుని పేరువలె వినబడుట కేవలము కాకతాళీయము.

ఏ భాషకైనను పాతపలుకు, క్రొత్తపలుకు ఉండును గదా. ఎస్.ఎమ్.బి.కిని అట్లే. మొదటి తరపుదానిని ఎస్.ఎమ్.బి.1 అందురు; ఎన్.టి.1 అనునది దానిలో చివరి రూపము. రెండవ తరము విండోస్ విస్టాతో 2006–07లోను, మూడవ తరము విండోస్ 8తో 2012లోను వచ్చెను. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పికి మొదటి తరము తప్ప మరియొకటి రాదు. విండోస్ 98కును అంతే. సంభాషణ ప్రారంభమగునప్పుడు క్లయింటు, అనగా అడుగువాడు, తనకు వచ్చిన పలుకుల జాబితాను సర్వరుకు పంపును. సర్వరు అందులో తనకు సమ్మతమైన దానిని ఎన్నుకొనును. ఒక్కటియు సమ్మతము కానిచో సంభాషణ అక్కడనే ముగియును. సాంబావారు 2019 సెప్టెంబరులో వెలువరించిన 4.11వ కూర్పునుండి మొదటి తరపు పలుకును తమంతట తామే మూసివేసిరి. మనము కోరి తెరచిన తప్ప అది తెరచుకొనదు. మెకానిక్కుగారు వేసిన క్రొత్త లినక్సులో నుండినది దానికి తరువాతి కూర్పే. ఆయన తప్పేమియు లేదు. ఆఫీసు గదిలోని యంత్రముల వయస్సు ఆయనకు ఎవరును చెప్పలేదు.

ఇదంతయు ఇప్పుడు ఇంత సులభముగా వ్రాయుచున్నాను గాని, ఆ సోమవారము నాకు ఇది తోచలేదు. తోచకపోవుటకు కారణము ఎక్స్‌పి చూపిన సందేశము. "పేర్కొన్న నెట్‌వర్కు పేరు ఇక లభ్యము కాదు" అని దాని భావము. పేరు అనిన మాట చూచి నేను పేర్ల వెంట పడితిని. సర్వరు పేరు మార్చితిని. వర్క్‌గ్రూపు పేరు మార్చితిని. షేరు పేరు మార్చితిని. ఒక దినమంతయు పోయినది. మూడింటిని ఒకేసారి మార్చుటచేత ఏది మొదట ఎట్లుండెనో కూడ మరచితిని. అది చాలక, ఎవరైనను పాస్‌వర్డు లేకుండ లోపలికి రావచ్చునని గెస్టు ద్వారమును తెరచితిని. అదియు ఫలింపలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి కాగితము తీసికొని, గుడ్డిగా మార్చుట మాని, క్రమముగా అడుగవలసిన ప్రశ్నలను వ్రాసికొంటిని.

మొదటి ప్రశ్న తీగను గూర్చినది. స్విచ్చి మీద ఆ కంప్యూటరుకు సంబంధించిన దీపము వెలుగుచున్నదా? కంప్యూటరుకు సరియైన అంకెల చిరునామా కలదా? ఎక్స్‌పిలో ఐపికాన్‌ఫిగ్ అనియు, 98లో విన్‌ఐపిసిఎఫ్‌జి అనియు కొట్టిన చిరునామా తెలియును. అది 169.254తో ప్రారంభమైనచో, చిరునామా నిచ్చువాడు కనబడక కంప్యూటరు తానే యొకటి కల్పించుకొనినదని యర్థము. పింగ్ అను ఆజ్ఞతో సర్వరు అంకెలను పిలిచి, బదులు వచ్చినచో తీగను మరచిపోవచ్చును. మంగళవారము ఉదయము ఐదు నిమిషములలో ఇది తేలినది. తీగ బాగున్నది.

రెండవది ద్వారము. గౌతమిమీద ఎదుర్లంకకును యానామునకును వారధి పడుటకు ముందు జనులు పంటుమీద దాటెడివారు. వారధి వచ్చిన పిమ్మట రేవు బోసిపోయెను. ఎస్.ఎమ్.బి. విషయములోను ఇట్టి మార్పే జరిగినది. పాత యంత్రములు 139వ ద్వారమున పోవును. పేర్లను విచారించుటకు 137వ ద్వారమును వాడును. విండోస్ 2000 మొదలుకొని వచ్చినవి తిన్నగా 445వ ద్వారమున పోగలవు. విండోస్ 98కు వారధి తెలియదు. దానికి రేవొక్కటే గతి. కావున సర్వరులోని ఫైర్‌వాలు 445ను మాత్రము తెరచి 139ను మూసినచో ఎక్స్‌పి దాటును, 98 ఒడ్డుననే నిలిచిపోవును. టెల్‌నెట్‌తో రెండు ద్వారములను తట్టి చూచితిని. రెండును తెరచియే యున్నవి.

మూడవది పేరు. పాత పద్ధతిలో కంప్యూటరు పేరు 15 అక్షరములకు మించరాదు. సర్వరు పేరు దొరకనిచో 98లో విండోస్ ఫోల్డరునందు ఎల్ఎమ్‌హోస్ట్స్ అను పేరుతో, వెనుక చుక్కగాని తోకగాని లేకుండ, ఒక ఫైలు వ్రాసి అందులో అంకెలను, పేరును పక్కపక్కన నుంచవలెను. నెట్‌వర్క్ నెయిబర్‌హుడ్‌లో పేరు కనబడకపోవుటను చూచి బెదరరాదు. యంత్రములు తమ ఉనికిని 12 నిమిషముల కొకసారి చాటును. మూడుమారులు చాటనిచో గాని, అనగా 36 నిమిషములు గడచిన గాని, పేరు జాబితానుండి తొలగదు. కాబట్టి చచ్చిన యంత్రము పేరు కనబడుటయు, బ్రదికిన యంత్రము పేరు కొంతసేపు కనబడకుండుటయు కలదు. జాబితాను నమ్మక తిన్నగా పిలిచి చూడుడు.

ఈ మూడును దాటిన తరువాత నేను ఎక్స్‌పిలో నల్లని ఆజ్ఞల కిటికీ తెరచి, నెట్ యూజ్ అను ఆజ్ఞతో షేరును పిలిచితిని. బొమ్మల కిటికీలో రాని మేలు ఇక్కడ కలదు: తప్పునకు ఒక అంకె వచ్చును. ఈ అంకెలను మీరు గుర్తుంచుకొనిన చాలు, సగము శోధన ముగిసినట్లే. 53 వచ్చినచో సర్వరు దగ్గరకే పోలేదు. తీగనో, పేరునో, ద్వారమునో చూడవలెను. 64 వచ్చినచో సర్వరు తలుపు తీసి, మాట విని, తలుపు మూసెను. 1326 వచ్చినచో మాట కలిసినది గాని పాస్‌వర్డు కుదరలేదు. 5 వచ్చినచో మనిషి ఎవరో తెలిసినది గాని ఆ ఫైలుమీద అతనికి అధికారము లేదు. 1219 వచ్చినచో అదే సర్వరుకు అప్పుడే మరియొక పేరుతో లోపలికి పోయి యున్నారు. పాత సంబంధమును తెంచి మరల పిలువవలెను. మాకు వచ్చినది 64. పేరు లభ్యము కాదను సందేశము దీనిదే. పేరునకును దీనికిని సంబంధమే లేదు!

సర్వరులోని లాగ్ ఫైలు తెరచి చూడగా, సమ్మతమైన ప్రోటోకాలు ఏదియు లేదని ఆంగ్లమున ఒక్క పంక్తి, మేము పిలిచిన ప్రతిసారికి ఒకటి చొప్పున, ముందుదినము ఉదయమునుండి వ్రాసియున్నది. దానిని సోమవారమే చదివి యుండవలసినది.

ఆ రిజిస్టరు ఫైళ్లన్నింటిని రెండు పెన్‌డ్రైవులలోనికి నకలు తీసిన తరువాత గాని నేను సర్వరుమీద మరల చేయి వేయలేదు. అటుపిమ్మట సాంబా కాన్‌ఫిగ్ ఫైలులో, సర్వర్ మిన్ ప్రోటోకాల్ అను చోట ఎన్.టి.1 అని వ్రాసి, టెస్ట్‌పార్మ్ అను ఆజ్ఞతో వ్రాసినదానిలో తప్పులు లేవని చూచికొని, సాంబాను ఆపి మరల నడిపితిని. ఎక్స్‌పి ఈసారి 64 అనలేదు, 1326 అనెను. ఆఫీసులోనివారు "ఇంకా రాలేదే" యని నిరుత్సాహపడిరి గాని నాకు మాత్రము ఒక మెట్టు ఎక్కినట్లు సంతోషము కలిగినది. తప్పు మారుట గెలుపులో సగము.

పాస్‌వర్డు సంగతి కొంచెము విపులముగా చెప్పెదను, ఏలయన ఇందులో లెక్కల పాఠము కూడ కలదు. పాస్‌వర్డు తీగమీద నున్నదున్నట్లు పోదు. సర్వరు ఒక క్రొత్త సంఖ్యను పంపును. క్లయింటు ఆ సంఖ్యను పాస్‌వర్డునుండి పుట్టిన గుర్తుతో కలిపి, ఫలితమును మాత్రము తిరిగి పంపును. సర్వరు తన దగ్గర నున్న గుర్తుతో అదే లెక్క చేసి సరిచూచును. ఇందులో అతి పాత పద్ధతికి ఎల్.ఎమ్. అని పేరు. అది పాస్‌వర్డును 14 అక్షరములకు కుదించి, చిన్న అక్షరములను పెద్దవిగా మార్చి, ఏడేసి అక్షరముల రెండు ముక్కలుగా కోసి, దేనికి దానినే లెక్కించును. ఆ కోతయే దానికి చేటు. 26 అక్షరములతో 14 స్థానములను నింపుటకు గల విధములు 20 అంకెల సంఖ్య. ఏడు స్థానములను నింపుటకో, 26ను ఏడు మారులు వేసి గుణించుడు: 803,18,10,176 మాత్రమే. రెండు ముక్కలను వేరువేరుగా వెదకవచ్చును గనుక దొంగ చేయవలసిన శ్రమ దీనికి రెండింతలు, అనగా సుమారు 1606 కోట్లు. నేటి యంత్రమున కది భోజనవిరామమంత పని. రెండవ పద్ధతి ఎన్.టి.ఎల్.ఎమ్.; మూడవది అందులో రెండవ రూపము. ఈ మూడవదానిలో క్లయింటు తనదగ్గరి యొక సంఖ్యను, గడియారపు సమయమును కూడ చేర్చును గావున మిక్కిలి గట్టిది. సాంబా 2016లో వచ్చిన 4.5వ కూర్పునుండి ఈ గట్టిదానినే అంగీకరించుచున్నది. ఎక్స్‌పి ఎవరును మార్చనిచో మొదటి రెండింటినే పంపును.

ఇక్కడ రెండు దారులు కలవు. సర్వరును సడలించుట ఒకటి. క్లయింటును బిగించుట రెండవది. ఇంటర్‌నెట్టులో వెదకినచో నూటికి తొంబదిమంది మొదటిదే చెప్పుదురు, ఏలయన ఒక పంక్తి వ్రాసిన సరిపోవును. అది పొరపాటని నా యభిప్రాయము. ఎక్స్‌పికి గట్టి పద్ధతి రాకపోలేదు. వచ్చియు వాడుట లేదు, అంతే. దాని రిజిస్ట్రీలో ఎల్ఎస్ఎ అను తావున ఎల్ఎమ్‌కంపాటిబిలిటీలెవెల్ అను విలువను 3గా మార్చి యంత్రమును మరల ప్రారంభించిన చాలును. అట్లే చేసితిని. 1326 పోయి 5 వచ్చినది.

ఈ 5 చిన్న సంగతి. మెకానిక్కుగారు ఫైళ్లను సర్వరు యజమానియైన రూట్ పేరుతో చేర్చిరి. కాబట్టి ఆఫీసు గుమాస్తా పేరున వచ్చినవారికి చదువు అధికారము సైతము లేదు. షేరు తెరచియుండుట వేరు, అందులోని ఫైలుమీద హక్కుండుట వేరు. రెండు తాళములును తీయవలెను. ఫైళ్లను గుమాస్తా పేరునకు మార్చగా మంగళవారము సాయంకాలము రెండు ఎక్స్‌పి కంప్యూటర్లలోను ఫోల్డరు తెరచుకొన్నది. సోమవారము తెరచిన గెస్టు ద్వారమును అప్పుడే మూసితిని.

కాని సర్టిఫికెట్టును అచ్చువేయు డాట్ మాట్రిక్స్ ప్రింటరు తగిలించియున్నది విండోస్ 98కు. దానితో బుధవారము పూర్వాహ్ణమంతయు పెనుగులాడితిని. మొదట అది షేరునే చూడలేదు. మెకానిక్కుగారు షేరుకు పెట్టిన పేరు ఇంగ్లీషున 17 అక్షరములు. 98కు 12 అక్షరములకు మించిన షేరు పేరు కనబడదు. పొట్టి పేరు పెట్టగా కనబడినది. పిమ్మట పాస్‌వర్డు తీసికొనలేదు. 98 పంపునది ఎల్.ఎమ్. పద్ధతి యొక్కటే. పైగా షేరును పిలుచునప్పుడు వేరొక మనిషి పేరు చెప్పుటకు దానికి వీలు లేదు. ఉదయము ఏ పేరుతో లాగిన్ అయితిరో ఆ పేరే పోవును. సర్వరులో లాన్‌మాన్ ఆథ్ అనుదానిని తెరచినచో అది లోపలికి రాగలదు. అట్లు తెరచిన తరువాత ఆ మనిషి పాస్‌వర్డును సర్వరులో మరల క్రొత్తగా పెట్టవలెను. ఏలయన తెరువక మునుపు పెట్టిన పాస్‌వర్డుకు ఎల్.ఎమ్. గుర్తు నిలువయుండదు. ఈ ఒక్క మాట తెలియక ఎందరో రోజులకొలది తిరిగిరి.

తెలిసియు నేను దానిని తెరువలేదు. 98 అక్కడ నుండుటకు కారణము ప్రింటరు, ఫాక్స్‌ప్రో. ఎక్స్‌పి పాత డాస్ ప్రోగ్రాములను నడపగలదు. ఆ రెండు ఎక్స్‌పి కంప్యూటర్లలో ఒకదానికి వెనుకవైపున వెడల్పాటి ప్రింటరు పోర్టు కలదు. ప్రింటరు తీగను ఇందులోనుండి అందులోనికి మార్చుట రెండు నిమిషముల పని. మూడు గంటలు వెచ్చించిన తరువాత గాని నాకది తట్టలేదు. అడిగిన చిక్కును విప్పుటలో మునిగి, ఆ చిక్కే అక్కరలేకుండ చేయవచ్చునేమో యని తల యెత్తి చూడము.

ఫాక్స్‌ప్రో ఫైళ్లు వాడువారికి మరియొక జాగ్రత్త. సాంబా వేగముకొరకు, ఫైలు తెరచిన క్లయింటుకు ఆప్‌లాక్ అను సెలవునిచ్చును. క్లయింటు మార్పులను తనవద్దనే కొంతసేపు దాచుకొని తీరికగా పంపును. ఉత్తరములు వ్రాసికొను ఫైళ్లకు ఇది మేలే. కాని ఇద్దరు ఒకేసారి వ్రాయు డి.బి.ఎఫ్. ఫైలులో, దాచుకొనిన క్షణమున కరెంటు పోయెనా, రికార్డులు చెడిపోవును. కోనసీమలో కరెంటును గూర్చి నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఆ షేరుకు ఆప్‌లాకులు వలదని వ్రాసితిని. కొంచెము మెల్లగా తెరచుకొనును, తెరచుకొననిండు.

ఫైళ్ల పేర్లను తెలుగున పెట్టువారు ఒక సంగతి గమనింపవలెను. యూనికోడులో తెలుగు పేరు పెట్టిన ఫైలును విండోస్ 98 చదువలేదు. అక్షరముల స్థానమున గీతలో మరేవో గుర్తులో చూపును. తెలుగు లిపిని చూపగలిగిన మొదటి విండోస్ ఎక్స్‌పియే. దానితో వచ్చిన తెలుగు అక్షరముల ఫాంటు పేరు గౌతమి. మన ఊరి ప్రక్కగా పారు ఏటి పేరు ఆ యంత్రములోనికి ఎట్లు చేరినదో గాని, ఆ పేరును మెనూలో మొదటిసారి చూచినప్పుడు నాకు కలిగిన ఆనందము ఇప్పటికిని మరువలేదు.

ఇంతవరకు వచ్చి, పని జరిగినదని చేతులు దులుపుకొని లేచినచో ఆ పాఠశాలకు నేను అపకారము చేసినవాడ నగుదును. మొదటి తరపు ఎస్.ఎమ్.బి.ని సాంబావారును మైక్రోసాఫ్టువారును ఊరకే మూయలేదు. విండోసులో దానిని నడపు భాగమున నున్న యొక లోపమునకు మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14న మరమ్మతు వెలువరించిరి. చాలమంది దానిని వేసికొనలేదు. మే 12న వానాక్రై యను దుష్ట ప్రోగ్రాము ఆ లోపముగుండ ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు, ఎవరును ఏమియు నొక్కకుండగనే, ప్రాకి ఫైళ్లకు తాళములు వేసి సొమ్ము అడుగసాగెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశ్‌లోను పలు జిల్లాల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు చెడినట్లు పత్రికలలో వచ్చెను. చిక్కినవానిలో ఎక్కువ విండోస్ 7 గలవి. కాని అప్పటికి మూడేండ్ల క్రిందటనే, 2014 ఏప్రిల్ 8న, పోషణ మానివేసిన ఎక్స్‌పికి సైతము మైక్రోసాఫ్టువారు ఆ వారములో ప్రత్యేకముగా మరమ్మతు నిచ్చిరనిన, భయము ఎంతటిదో ఊహింపుడు. ఆ యేటి చివర వచ్చిన విండోస్ 10 కూర్పునుండి మొదటి తరము క్రొత్తగా స్థాపించిన యంత్రములలో నుండుట లేదు.

సర్వర్ మిన్ ప్రోటోకాల్ అను కట్టడి ఒక సాంబాలో అందరికిని ఒక్కటే. ఈ షేరుకు సడలించి ఆ షేరుకు బిగించుటకు వీలు లేదు. కావున సర్వరుకు రెండవ నెట్‌వర్క్ కార్డు నొకటి వేయించి, పాత ఎక్స్‌పి కంప్యూటర్లు రెంటిని విడిగా ఒక చిన్న స్విచ్చికి తగిలించి, సాంబా ఆ కార్డువైపు మాత్రమే చెవి యొగ్గునట్లు వ్రాసితిని. ఇంటర్‌నెట్టు తీగ రెండవవైపున నుండును. ఒకవైపునుండి రెండవవైపునకు సర్వరు ఏమియు దాటింపదు. విద్యార్థుల గదిలోని క్రొత్త కంప్యూటర్లకు ఆ షేరు కనబడదు. కనబడవలసిన అక్కరయు లేదు. ఎక్స్‌పి కంప్యూటర్లలో పెన్‌డ్రైవు పెట్టరాదని గోడకు కాగితము అంటించితిమి. ఆ నియమము ఎన్నాళ్లు నిలుచునో చెప్పజాలను.

బుధవారము మూడు గంటలకు గుమాస్తాగారు ఫాక్స్‌ప్రోలో ఆ పూర్వ విద్యార్థి అడ్మిషన్ నంబరు కొట్టిరి. పేరు, తండ్రి పేరు, ఊరు, జనన తేదీ తెరమీదికి వచ్చినవి. ఆయన కళ్లజోడు తీసి తుడిచికొని మరల పెట్టుకొని రెండుమారులు చదివికొనిరి. ప్రింటరు తన పాత చప్పుడుతో ఫారమును ఈడ్చుకొనుచు అచ్చువేసినది. ప్రధానోపాధ్యాయులు సంతకము చేసి ముద్ర వేయువరకు ఆయన నిలుచుండియే యుండిరి. నాలుగున్నర బస్సుకు వెళ్లిపోయిరి.

ఇది పదికాలములు నిలువదగిన ఏర్పాటు కాదు. డి.బి.ఎఫ్. అనునది మిక్కిలి సరళమైన ఫైలు. ఉచితముగా దొరకు లిబ్రే ఆఫీసు కాల్క్‌లో సైతము తెరచుకొనును. దసరా సెలవులలో ఆ పాఠశాల పదవ తరగతి విద్యార్థులు ఆరుగురు, ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరు చదువగా ఒకరు చూచుచు, 1996కు ముందటి పేర్లన్నింటిని క్రొత్త పట్టికలోనికి మార్చి, పొడి కాకుండ మిగిలిన కాగితములతో సరిచూచిరి. పదునొకండు పేర్లలో గుమాస్తాగారి పఠనమునకును కాగితమునకును తేడా కనబడినది. ఆ పదునొకండును ఎఱ్ఱసిరాతో గుర్తించి ప్రధానోపాధ్యాయులకు అప్పగించిరి. విండోస్ 98 కంప్యూటరును తుడిచి గుడ్డ కప్పి సామానుల గదిలో నుంచితిమి; దాని డిస్కు మాత్రము ఊడదీసి బీరువాలో భద్రపరచితిమి.